ఇంగ్లండ్‌లో ప్రాంతీయ సంరక్షణ సంఘాలు: నాయకత్వం, స్వతంత్రత

వయసు మీదపడినవారికి, వైకల్యం ఉన్నవారికి, మానసిక అనారోగ్యంతోనో మేధో వైకల్యంతోనో బతుకుతున్నవారికి స్నానపానాలు, తిండి, మందులు, తోడు అందించే ఏర్పాటును ఇంగ్లండ్‌లో వయోజనుల సామాజిక సంరక్షణ అంటారు. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, అందరికీ చాలావరకు ఉచితం. సామాజిక సంరక్షణ అలా కాదు. ఆస్తిపాస్తులు తక్కువగా ఉన్నవారికి స్థానిక కౌన్సిల్ ఖర్చు భరిస్తుంది, మిగిలినవారు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. సేవ చేసే చేతులు మాత్రం చాలావరకు కౌన్సిల్‌వి కావు. సుమారు 18,000 సంస్థలు ఈ రంగంలో ఉన్నాయి. కొన్ని ప్రైవేటువి, కొన్ని ధర్మసంస్థలు. 15 లక్షలకు పైగా ఉన్న ఉద్యోగాల్లో అత్యధిక భాగం వాటిలోనే. ఈ సంస్థల్లో దాదాపు 85 శాతం యాభైమంది కంటే తక్కువ సిబ్బందితో నడిచే చిన్నవి. వాటి దగ్గర సేవలు కొనే కౌన్సిళ్లు 150కి కాస్త పైన. ఇరవై పడకల కేర్ హోమ్ నడిపే మనిషికి కోట్ల పౌండ్ల బడ్జెట్ ఉన్న కౌన్సిల్‌తో ఒంటరిగా రేటు మాట్లాడుకునే శక్తి ఉండదు. జిల్లా స్థాయిలో, కౌంటీ స్థాయిలో సంరక్షణ సంఘాలు ఏర్పడింది ఈ బలహీనతను పూడ్చడానికే. వాటి నాయకులకు చట్టం ఇచ్చిన అధికారం దాదాపు శూన్యం. సమ్మె చేయించలేరు, ధర నిర్ణయించలేరు, సభ్యులను శాసించలేరు. ఎదుటివారు కాదనలేని ఖర్చు లెక్క ఒకటి, సొంత సభ్యుల లోపాన్ని కూడా లోపమనగల స్వతంత్రత మరొకటి, వాళ్ల పలుకుబడి ఈ రెండింటి మీదే నిలుస్తుందన్నది ఈ వ్యాసం వాదం.

ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1948 నాటి నేషనల్ అసిస్టెన్స్ చట్టం పాత పేదల చట్టాన్ని రద్దుచేసి, సంరక్షణ అవసరమై వేరే దారి లేని వృద్ధులకు వసతి చూపే బాధ్యతను కౌన్సిళ్లకు అప్పగించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు కౌన్సిళ్లే సొంతంగా వృద్ధాశ్రమాలు నడిపాయి. 1980ల మొదట్లో కథ మారింది. ప్రైవేటు హోమ్‌లో చేరిన పేదవారి ఫీజును సామాజిక భద్రతా నిధి నుంచి చెల్లించే వీలు వచ్చింది. ఆదాయం చూసేవారే తప్ప, ఆ మనిషికి నిజంగా హోమ్ అవసరమా అని ఎవరూ చూడలేదు. 1979లో సుమారు కోటి పౌండ్లుగా ఉన్న ఈ ఖర్చు పదేళ్లలో వంద కోట్లు దాటింది. సముద్రతీర పట్టణాల్లో పాత హోటళ్లు ఒక్కొక్కటిగా కేర్ హోమ్‌లయ్యాయి. సెయిన్స్‌బరీస్ సంస్థకు చెందిన సర్ రాయ్ గ్రిఫిత్స్ 1988లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1990లో ఎన్‌హెచ్‌ఎస్, కమ్యూనిటీ కేర్ చట్టం వచ్చింది. 1993 ఏప్రిల్ నుంచి అవసరాన్ని అంచనా వేయడం, సేవ కొనడం కౌన్సిళ్ల పనైంది. పైగా సామాజిక భద్రతా నిధి నుంచి కౌన్సిళ్లకు బదిలీ అయిన ప్రత్యేక నిధిలో 85 శాతం స్వతంత్ర రంగంలోనే, అంటే ప్రైవేటు, ధర్మసంస్థల దగ్గరే, ఖర్చు చేయాలని ప్రభుత్వం షరతు పెట్టింది. అంతవరకు ప్రతి హోమ్ యజమాని కేంద్ర నిధి నుంచి నిర్ణీత మొత్తం అందుకునేవాడు. ఇప్పుడు తన ఊళ్లోని కౌన్సిల్ ఒక్కటే పెద్ద కొనుగోలుదారు. కొనేవాడు ఒక్కడై అమ్మేవాళ్లు వందలమంది అయిన చోట ధర ఎటు జారుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం చదవనక్కర్లేదు. ఒక్కో కౌన్సిల్ పరిధిలోని యజమానులు ఒక చోట కూడాల్సిన అవసరం ఈ ఏర్పాటులోనే ఉంది.

ఈ సంఘాలన్నిటికీ ఒకే అచ్చు లేదు. యార్క్, నార్త్ యార్క్‌షైర్‌లకు ఇండిపెండెంట్ కేర్ గ్రూప్ ఉంది. లింకన్‌షైర్, సర్రే, హాంప్‌షైర్, వెస్ట్ మిడ్‌లాండ్స్, ఆక్స్‌ఫర్డ్‌షైర్, ష్రాప్‌షైర్, కార్న్‌వాల్ ఇలా చాలా చోట్ల వేరు వేరు పేర్లతో సంఘాలు నడుస్తున్నాయి. స్థానిక సంఘాలను కలిపే వేదిక కేర్ అసోసియేషన్ అలయన్స్. జాతీయ స్థాయిలో కేర్ ఇంగ్లండ్, నేషనల్ కేర్ అసోసియేషన్, లాభాపేక్ష లేని సంస్థల నేషనల్ కేర్ ఫోరం, ఇంటివద్ద సేవ చేసేవారి హోమ్‌కేర్ అసోసియేషన్ ఉన్నాయి. కొన్ని ప్రాంతీయ సంఘాలు సభ్యత్వ రుసుముతో మాత్రమే బతుకుతాయి, ఒకరిద్దరు ఉద్యోగులు, ఒక చిన్న కార్యాలయం వాటి ఆస్తి. ఇంకొన్ని కౌన్సిల్‌తో ఒప్పందం కుదుర్చుకుని శిక్షణ, సిబ్బంది నియామకం, నాణ్యత మెరుగుదల వంటి పనులు చేస్తాయి. కౌంటీ కౌన్సిల్‌తో చేయి కలిపి పెద్ద శిక్షణ సంస్థగా ఎదిగిన హెర్ట్‌ఫర్డ్‌షైర్ సంఘం ఇందుకు ఉదాహరణ. అధ్యక్ష పదవిలో సాధారణంగా ఒక హోమ్ యజమానో హోమ్‌కేర్ సంస్థ అధిపతో ఉంటారు, రోజువారీ పని జీతం తీసుకునే ముఖ్య అధికారి చూస్తారు. ఈ జంట నాయకత్వంలో ఎప్పుడూ ఒక లాగుడు ఉంటుంది. యజమాని అయిన అధ్యక్షుడికి వ్యాపారం నాడి తెలుసు, కానీ ఆయన మాటలో సొంత లాభం ఉందేమోనన్న అనుమానం వెన్నంటే ఉంటుంది. అధికారికి తీరిక, నైపుణ్యం ఉంటాయి, కానీ రాత్రి డ్యూటీకి మనిషి దొరక్క తానే వెళ్లి నిలబడిన అనుభవం ఉండకపోవచ్చు.

చట్టం వీరికి ఎంత బలాన్నిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి కోర్టు తీర్పులకన్నా మంచి చోటు లేదు. 2010 తర్వాత కేంద్రం కౌన్సిళ్ల నిధులు కోయడం మొదలుపెట్టగానే చాలా కౌన్సిళ్లు కేర్ హోమ్ రేట్లను ఉన్నచోటే ఆపేశాయి. మెర్సీసైడ్‌లోని సెఫ్టన్ కౌన్సిల్ వరుసగా రెండో ఏడాది కూడా రేటు పెంచకపోవడంతో సెఫ్టన్ కేర్ అసోసియేషన్ హైకోర్టుకు వెళ్లింది. 2011లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. సంరక్షణకు అసలు ఎంత ఖర్చవుతుందో కౌన్సిల్ తగినంతగా పట్టించుకోలేదని, సంస్థలతో సరిగా సంప్రదించలేదని చెప్పింది. దేశమంతటా సంఘాలు దీన్ని గొప్ప విజయంగా చూశాయి. రెండేళ్ల తర్వాత నార్తంబర్లండ్ కేసులో ఆ ఉత్సాహం చల్లబడింది. అక్కడి కేర్ నార్త్ ఈస్ట్ సంఘం వేసిన కేసులో 2013లో అప్పీలు కోర్టు కౌన్సిల్ వైపే నిలిచింది. ఖర్చును పరిగణనలోకి తీసుకోవడం తప్పనిసరే కానీ, ఫలానా పద్ధతిలోనే లెక్కకట్టి తీరాలన్న విధి కౌన్సిల్‌కు లేదని తేల్చింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే విషయం స్పష్టమవుతుంది. అడిగే హక్కు, వినిపించుకునే హక్కు సంఘానికి ఉన్నాయి. సరిపడా రేటు పొందే హక్కు లేదు. 2014 కేర్ చట్టం ఐదో సెక్షన్ కింద వైవిధ్యం, నాణ్యత ఉన్న సేవల మార్కెట్‌ను పెంచి పోషించే విధి కౌన్సిళ్ల మీద పడింది. ఇస్తున్న రేటు ఒప్పుకున్న నాణ్యతకు సరిపోతుందో లేదో చూసుకోవాలని దాని మార్గదర్శకాలూ చెబుతున్నాయి. అయినా ఆ మాటను అంకెగా మార్చి బల్లమీద పెట్టే బాధ్యత సంఘం నాయకుడిదే. కోర్టుకు వెళ్తానన్న బెదిరింపు ఒకటి రెండుసార్లు పనిచేస్తుంది. ఆ తర్వాత మళ్లీ అదే అధికారితో అదే గదిలో కూర్చుని వచ్చే ఏడాది రేటు మాట్లాడుకోవాలి.

ఆ అంకె ఎంత ముఖ్యమో 2017లో పోటీ నియంత్రకమైన కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ చేసిన కేర్ హోమ్‌ల అధ్యయనం చూపింది. సొంత డబ్బుతో ఉండేవారు వారానికి సగటున 846 పౌండ్లు కడుతుంటే, కౌన్సిళ్లు 621 పౌండ్లు ఇస్తున్నాయని తేలింది. అంటే ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఒకరి పొదుపు రెండోవారి లోటును నింపుతోంది. డబ్బున్న పెద్దలు ఎక్కువగా ఉన్న సర్రే వంటి చోట్ల హోమ్‌లు ఈ సర్దుబాటుతో బతుకుతాయి. దాదాపు అందరూ కౌన్సిల్ మీద ఆధారపడిన పేద పట్టణాల్లో ఆ దారి లేదు. ఈ తేడాను లండన్‌లోని జాతీయ సంస్థ సగటు అంకెగా చెబుతుంది. సర్రేలోనో సెఫ్టన్‌లోనో అది ఏ రూపంలో ఉందో ప్రాంతీయ సంఘమే చెప్పగలదు. 2022లో ప్రభుత్వం సంరక్షణ న్యాయమైన ఖర్చెంతో తేల్చమని కౌన్సిళ్లను ఆదేశించినప్పుడు ఈ సంఘాలకు అరుదైన అవకాశం వచ్చింది. హోమ్‌లు తమ జీతాలు, ఆహారం, కరెంటు, అద్దె, పెట్టుబడిపై రాబడి లెక్కలు ఇస్తే కౌన్సిళ్లు వాటి మధ్యస్థ విలువను ప్రకటించాలి. చాలా చోట్ల స్పందన తక్కువగా వచ్చింది. చిన్న యజమానులకు ఆ లెక్కలు నింపే తీరిక లేదు, ఇచ్చిన అంకెలు రేపు తమ మీదికే వస్తాయన్న భయం ఉంది. సభ్యుల పక్కన కూర్చుని ఒక్కో పట్టీ పూర్తి చేయించే పని అక్కడ సంఘానిదే కావాలి. ఎందుకంటే కొద్దిమందే లెక్కలిస్తే వచ్చే అంకె, ఎంత నిజమైనా, బలహీనంగా కనిపిస్తుంది, కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టేందుకు అదే సాకవుతుంది. అందరూ ఇచ్చినా ఆ అంకెను చెల్లించి తీరాలన్న నిబంధనను మాత్రం ప్రభుత్వం పెట్టలేదు. హోమ్‌కేర్ అసోసియేషన్ ఏటా లెక్కగట్టే కనీస గంట ధర (2025-26లో ఇంగ్లండ్‌కు 32.14 పౌండ్లు) ఇలాంటి ప్రయత్నమే. కట్టుబడే విధి లేకపోయినా, తక్కువ ఇస్తున్న కౌన్సిల్ ఎందుకిస్తోందో సంజాయిషీ చెప్పుకోవాల్సిన స్థితిని అది తెస్తుంది.

సభ్యులంతా కలిసి ఇంతకంటే తక్కువకు ఎవరూ పనిచేయకండని ఎందుకు తీర్మానించకూడదన్న ప్రశ్న సహజం. 1998 పోటీ చట్టం దానికి అడ్డు. స్వతంత్ర వ్యాపారాలు కలిసి ధర నిర్ణయించుకోవడం, రాబోయే ధరల సమాచారం పంచుకోవడం నేరం లాంటిదే. ఫీజుల వివరాలు ఒకరికొకరు చెప్పుకున్నందుకు ఇంగ్లండ్‌లో యాభై ప్రైవేటు పాఠశాలలు 2006లో జరిమానా ఎదుర్కొన్నాయి, ధర్మసంస్థలైనా మినహాయింపు దొరకలేదు. అందుకే సంరక్షణ సంఘం నాయకుడు సమావేశంలో మాట జారకుండా చూసుకోవాలి. గడిచిన ఖర్చులను పేర్లు లేకుండా కలిపి చూపవచ్చు, రేపటి రేటును కలిసి తేల్చకూడదు. కార్మిక సంఘానికి ఉన్న ఆయుధం యజమానుల సంఘానికి లేకపోవడం సబబే. ఆ ఆయుధం ఉంటే దెబ్బ తగిలేది మంచం పట్టిన మనిషికి.

కోవిడ్ వచ్చినప్పుడు ఈ నాయకత్వం విలువ అందరికంటే ముందు హోమ్‌ల మేనేజర్లకు తెలిసింది. 2020 మార్చి 17న ఆసుపత్రులు 30,000 పడకలు ఖాళీ చేయాలని ఎన్‌హెచ్‌ఎస్ ఆదేశించింది. ఏప్రిల్ 2న వచ్చిన మార్గదర్శకం ప్రకారం హోమ్‌కు పంపేముందు పరీక్ష తప్పనిసరి కాదు. తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటన ఏప్రిల్ 15న వచ్చింది. ఆ మధ్య రోజుల్లో మాస్కులు లేవు, మార్గదర్శకాలు గంట గంటకూ మారాయి. మార్చి మొదటి నుంచి జూన్ 12 వరకు ఇంగ్లండ్, వేల్స్ కేర్ హోమ్‌లలో నివసిస్తున్న 19,394 మంది కోవిడ్ కారణంగా మరణించినట్టు జాతీయ గణాంక కార్యాలయం లెక్క. లక్షణాలు లేనివారి ద్వారా వ్యాపించే ప్రమాదాన్ని పట్టించుకోకుండా రోగులను హోమ్‌లకు పంపిన ఆ విధానం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పిచ్చింది. ఆ రోజుల్లో ఇండిపెండెంట్ కేర్ గ్రూప్ అధ్యక్షుడు మైక్ పాడ్గమ్ టీవీల్లో, రేడియోల్లో పదేపదే వినిపించిన గొంతు. స్కార్‌బరోలో సొంత హోమ్‌లు నడిపే మనిషి కావడం వల్లే ఆయన మాటకు బరువొచ్చింది. నేషనల్ కేర్ అసోసియేషన్ అధ్యక్షురాలు నాద్రా అహ్మద్ కూడా తరచు మాట్లాడారు. బయటికి కనిపించని పని ఇంకా పెద్దది. కొత్త మార్గదర్శకాన్ని రాత్రికి రాత్రే చదివి చిన్న యజమానులకు అర్థమయ్యే మాటల్లో పంపడం, మాస్కులు అయిపోయిన హోమ్ ఏదో కౌన్సిల్‌కు చెప్పడం వంటి పనులు మంత్రిత్వశాఖ నుంచి జరిగేవి కావు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఇవి చివరికి యజమానుల సంఘాలే కదా, నివాసుల గొంతుగా ఎలా చెప్పుకుంటాయన్నది. 2011లో 750 హోమ్‌లు, 31,000 మంది నివాసులతో సదర్న్ క్రాస్ కుప్పకూలింది. ఆస్తులమ్మి అద్దెకు తీసుకుని నడిపిన వ్యాపారం అది, లాభాపేక్ష ఎంత చేటు చేస్తుందో అందరూ చూశారు. అభ్యంతరం న్యాయమైనదే. అయితే అద్దె ఒప్పందాలతో, అప్పులతో నడిచే పెద్ద గొలుసు సంస్థకూ, ముప్పై పడకలు నడిపే కుటుంబానికీ ప్రయోజనాలు ఒకటి కావు. ప్రాంతీయ సంఘాల్లో సంఖ్యాబలం రెండోవారిదే. ఇంకా చెప్పాలంటే, సభ్యుల రేటు కోసం పోరాడే సంఘమే సభ్యుల నాణ్యత గురించి మౌనంగా ఉంటే దాని లెక్కను ఎవరూ నమ్మరు. నాణ్యత నియంత్రకమైన కేర్ క్వాలిటీ కమిషన్ ఒక హోమ్‌ను అధమ శ్రేణిలో పెట్టినప్పుడు దాన్ని వెనకేసుకొచ్చే నాయకుడు మిగిలిన సభ్యుల వాదాన్నీ ముంచేస్తాడు. సిబ్బంది జీతాలకు ఖర్చు ఎంతో చెప్పి అడిగిన డబ్బు వచ్చాక, అది జీతాల్లోకి వెళ్లిందని చూపించమని సభ్యులను అడగగల ధైర్యం ఉన్నవాడే మరుసటి ఏడాది మళ్లీ అడగగలడు.

రెండో అభ్యంతరం డబ్బుది. కౌన్సిల్ ఒప్పందంతో బతికే సంఘం కౌన్సిల్‌ను నిలదీస్తుందా? ఈ అనుమానం తీసిపారేయదగింది కాదు. రుసుములతో మాత్రమే బతికే సంఘం చిన్నదిగా, అలసిపోయినదిగా ఉంటుంది, శిక్షణ ఇవ్వలేదు. ఒప్పందంతో బతికే సంఘం పెద్దదిగా ఉంటుంది, రేట్ల సమావేశంలో నోరు తగ్గుతుంది. సేవల ఒప్పందం వేరు, ప్రాతినిధ్యం వేరు అని ఖాతాలూ మనుషులూ విడదీయడం నాకు సరైన దారిగా తోస్తుంది. రేటు మాట్లాడే అధ్యక్షుడి జీతం కౌన్సిల్ డబ్బుతో ముడిపడకూడదు. ఎవరి దగ్గర్నుంచి ఎంత వస్తుందో సంఘం ఏటా బహిరంగంగా చెప్పాలి. కౌన్సిల్‌కూ ఇది మేలే, తన సొంత డబ్బుతో నడిచే గొంతు మెచ్చుకుంటే దానికి విలువ లేదు కనుక.

జాతీయ సంస్థలుండగా ఇన్ని చిన్న సంఘాలెందుకన్నది మూడో ప్రశ్న. స్కాట్లండ్ ఉదాహరణ ఇక్కడ ఆలోచింపజేస్తుంది. అక్కడ 2000ల మధ్యకాలం నుంచి కేర్ హోమ్‌లకు జాతీయ ఒప్పందం ఒకటుంది. కౌన్సిళ్ల సమాఖ్య కోస్లా, యజమానుల తరఫున స్కాటిష్ కేర్ కూర్చుని రేటు మాట్లాడుకుంటాయి. ఇంగ్లండ్‌లో కొనుగోలు 150కి పైగా బల్లల దగ్గర జరుగుతోంది కాబట్టి ప్రాతినిధ్యమూ అన్ని బల్లల దగ్గర ఉండక తప్పదు. జాతీయ రేటు రానంతవరకు జాతీయ సంఘం ఒక్కటే చాలదు. వచ్చినా లింకన్‌షైర్ పల్లెల్లో ఇంటింటికీ కారులో తిరిగే హోమ్‌కేర్ సిబ్బంది దారి ఖర్చు లండన్ వీధుల లెక్కలో ఇమడదు.

విదేశీ సిబ్బంది విషయంలో ఈ నాయకత్వం ప్రభావం తెలుగు కుటుంబాలను కూడా తాకింది. 2021-22లో 1.65 లక్షల ఖాళీలున్నప్పుడు, 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లను హెల్త్ అండ్ కేర్ వీసా జాబితాలో చేర్చారు. నైజీరియా, జింబాబ్వే, భారత్ నుంచి ఎక్కువమంది వెళ్లారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి అప్పుచేసి వెళ్లినవారు వారిలో ఉన్నారు. 2023-24లో సుమారు 1.05 లక్షల మంది కొత్తగా చేరారని, ఖాళీలు 1.31 లక్షలకు తగ్గాయని ఈ రంగం సిబ్బంది లెక్కలు సేకరించే స్కిల్స్ ఫర్ కేర్ అంచనా. కానీ ఏజెంట్ల దోపిడీ, వచ్చాక పని చూపని యజమానుల మోసం బయటపడ్డాయి. 2022 జులై నుంచి 2024 చివరి వరకు విదేశీ సిబ్బందిని తెచ్చుకోవడానికి కావాల్సిన స్పాన్సర్ లైసెన్సులు సంరక్షణ రంగంలో 470కి పైగా రద్దయ్యాయి. తప్పేమీ చేయని వేలమంది ఉద్యోగులు చిక్కుకున్నారు. అలాంటివారికి మరో యజమానిని వెతికిపెట్టేందుకు ప్రభుత్వం ప్రాంతీయ భాగస్వామ్యాలకు నిధులిచ్చింది. అక్కడ ఏ హోమ్ నమ్మదగిందో తెలిసిన సంఘాల అవసరం పడింది. తమలోని దోపిడీదారులను ముందే వేలెత్తి చూపిన సంఘాలు తక్కువన్నది ఈ రంగానికి మచ్చే. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త నియామకాలు ఆగిపోయాయి. తలుపు మూసేముందు తమను అడగలేదని సంఘాలు ఆగ్రహించాయి, ఆ ఆగ్రహంలో న్యాయముంది. అడిగినప్పుడు చెప్పడానికి ముందే సిద్ధంగా ఉండాల్సిందన్నదీ అంతే న్యాయం.

నిర్ణయాలు జరిగే గదుల్లో కుర్చీ దొరకకపోవడం పాత సమస్య. 2022లో ఇంగ్లండ్‌ను 42 సమీకృత సంరక్షణ బోర్డుల కింద విభజించినప్పుడు ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులకు, కుటుంబ వైద్యులకు, కౌన్సిళ్లకు బోర్డులో స్థానం తప్పనిసరి చేసిన చట్టం సంరక్షణ సంస్థలకు చేయలేదు. పేరులో సంరక్షణ ఉన్న బోర్డులో సంరక్షణ చేసేవారికి చట్టబద్ధమైన కుర్చీ లేకపోవడం నాకు సమర్థించుకోలేనిదిగా కనిపిస్తుంది. కొన్ని చోట్ల సంఘం నాయకులు పరిచయాలతో, పట్టుదలతో భాగస్వామ్య సమావేశాల్లోకి వెళ్లగలిగారు, అది వ్యక్తుల సత్తా మీద నిలిచిన ఏర్పాటు. 2025 ఏప్రిల్‌లో యజమానుల జాతీయ బీమా వాటా 13.8 నుంచి 15 శాతానికి పెరిగి, అది మొదలయ్యే వార్షిక జీతం పరిమితి 9,100 పౌండ్ల నుంచి 5,000కు తగ్గినప్పుడు ఎన్‌హెచ్‌ఎస్‌కు భారం తీర్చిన ప్రభుత్వం సంరక్షణ సంస్థలకు తీర్చలేదు. అంతకుముందే ఫిబ్రవరి 25న వెస్ట్‌మిన్‌స్టర్‌లో దేశం నలుమూలల నుంచి యజమానులు, సిబ్బంది, నివాసుల కుటుంబాలు కలిసి నిరసన తెలిపారు. ఎప్పుడూ పోటీపడే సంఘాలు ఒకే జెండా కింద నిలవడం అరుదు. మినహాయింపు మాత్రం రాలేదు.

ఇప్పుడు ముందున్న పని ఇంకా కష్టం. 2025 డిసెంబరులో చట్టమైన ఉపాధి హక్కుల బిల్లు వయోజన సామాజిక సంరక్షణకు ఒక చర్చల మండలిని ఏర్పాటు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. యూనియన్లు, యజమానుల ప్రతినిధులు కూర్చుని రంగమంతటికీ కనీస జీతాలు, పని షరతులు తేల్చుకుంటారు. తొలి ఒప్పందం 2028లో అమలవుతుందని, అందుకు 50 కోట్ల పౌండ్లు కేటాయిస్తామని ప్రభుత్వం చెప్పింది. యూనియన్ల వైపు ఎవరు కూర్చోవాలో ఊహించడం తేలిక, యజమానుల వైపు అలా కాదు. పెద్ద గొలుసు సంస్థలకు న్యాయవాదులు, లెక్కల నిపుణులు ఉన్నారు, కుర్చీ వారికి సులువుగా దక్కుతుంది. యాభైమంది లోపు సిబ్బందితో నడిచే 85 శాతం సంస్థల తరఫున ఎవరు మాట్లాడతారన్నదే తేలాల్సింది. జీతం పెరిగితే ఆ డబ్బు కౌన్సిల్ రేటులోంచి రావాలి. రేటు కౌన్సిల్ వారీగా తేలుతుంది. జాతీయ బల్ల దగ్గర ఒప్పుకున్న గంట జీతాన్ని సెఫ్టన్‌లో, స్కార్‌బరోలో, లింకన్‌షైర్ పల్లెల్లో ఎంత రేటుతో భరించవచ్చో ముందే లెక్కకట్టి, సభ్యుల ఖాతా పుస్తకాలతో రుజువు చేసి చూపగల ప్రాంతీయ సంఘాలకే ఆ మండలి ముందు నిలబడే అర్హత ఉంటుంది. ఆ లెక్కలు 2028లో కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.